పల్నాటి మట్టిలో రోమన్ కాసులు



మాది రొంపిచెర్ల. పల్నాడు పేరు చెప్పగానే ఎవరికైనా బ్రహ్మనాయుడు, నాయకురాలు నాగమ్మ, కోడిపందేలు, కారంపూడి వీరుల గుడి గుర్తొస్తాయి. నేను ఇవాళ మాట్లాడబోయేది ఆ పల్నాటి యుద్ధానికి సుమారు వెయ్యేళ్ళ ముందు సంగతి. సముద్రాలు దాటి రోమన్ నాణేలు మన ప్రాంతానికి చేరిన సంగతి. పాత నాణేలు పోగుచేసే అలవాటు నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. అందుకని ఆ అలవాటు గురించి కూడా నాలుగు మాటలు చెబుతాను.

1889లో వినుకొండలో 15 బంగారు నాణేలు బయటపడ్డాయి. మా ఊరికి నైరుతి దిక్కున, బస్సెక్కితే పెద్దగా దూరం కాని ఊరు వినుకొండ. ఆ 15లో ఒక్కటి కూడా మన రాజులు వేయించింది కాదు. అన్నీ రోమన్ చక్రవర్తులవే. వాటిలో బాగా పాతవి తిబేరియస్‌వి. ఆయన క్రీస్తుశకం 14 నుంచి 37 వరకు రోమ్‌ను ఏలాడు. ఏసుక్రీస్తును సిలువ వేసిన రోజుల్లో గద్దె మీద ఉన్నది ఆయనే. కొత్తవేమో కారకల్లా కాలం దాకా వస్తాయి. కారకల్లా 217లో హత్యకు గురయ్యాడు. పాత పుస్తకాలు తిరగేసే వాళ్ళకు ఒక హెచ్చరిక: వాటిలో ఈ నాణేలు కృష్ణా జిల్లాలో దొరికినట్టు ఉంటుంది. గుంటూరు జిల్లా 1904లో గానీ ఏర్పడలేదు. అంతకు ముందు వినుకొండ, నరసరావుపేట తాలూకాలు కృష్ణా జిల్లా కిందే ఉండేవి. వినుకొండ నాణేలు మద్రాసు మ్యూజియానికి చేరాయి, అక్కడి జాబితాకెక్కాయి. అలా ఎక్కబట్టే నూట ముప్ఫై ఏళ్ళు దాటాక కూడా మనం వాటి గురించి మాట్లాడుకోగలుగుతున్నాం.

తిబేరియస్‌కీ కారకల్లాకీ మధ్య ఎన్నేళ్ళు గడిచాయో చూడండి. నూట యాభై ఏళ్ళకు పైమాటే. ఓడ దిగిన వర్తకుడు ఒక్కసారిగా తెచ్చి ఇచ్చిన మూట అయితే అన్నీ ఇంచుమించు ఒకే కాలానివి ఉండాలి. ఇక్కడ అలా లేదు. పాత కాసులు ఎక్కడో భద్రంగా ఉండి, తరాలు మారుతూ, వాటికి కొత్తవి తోడయ్యాయని నాకు అనిపిస్తుంది. మన ఇళ్ళల్లో అమ్మమ్మ కాసులకు అమ్మ రెండు కలుపుతుంది, కూతురి పెళ్ళికి ఇంకో రెండు చేరతాయి. వినుకొండ బంగారం కూడా అలాంటి కుటుంబపు దాపుడు సొమ్మే అయివుంటుందని నా ఊహ. అది భూమిలోకి వెళ్ళే నాటికి శాతవాహనుల పాలన చివరికొచ్చింది. కృష్ణ ఒడ్డున విజయపురిలో, అంటే మన నాగార్జునకొండ దగ్గర, ఇక్ష్వాకుల రాజ్యం తలెత్తుతోంది. రాజ్యాలు మారే కాలంలో సొమ్మున్న వాళ్ళు చేసే పనే ఆ ఇంటివాళ్ళూ చేసి ఉంటారు. పాతిపెట్టారు. తిరిగి తీసుకోవడానికి ఎవరూ రాలేదు.

అసలు రోమన్ బంగారం ఇక్కడికి ఎందుకొచ్చింది? అప్పుడు మన దగ్గర మిరపకాయ లేదు. ఇవాళ పల్నాటి పొలాల్లో ఎర్రగా పరుచుకుని ఉండే మిరప, అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు వాళ్ళ ఓడల మీద, చాలా ఆలస్యంగా వచ్చిన పంట. రోమన్లు వెంటపడింది మిరియాల కోసం. అవి మలబారు తీరం సరుకు. తూర్పు తీరంలో మాత్రం వాళ్ళకు కావలసింది బట్ట. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో పేరు తెలియని ఒక గ్రీకు వర్తకుడు ఎర్ర సముద్రం నుంచి మన తీరం దాకా రేవుల గురించి ఒక పుస్తకం రాసిపెట్టాడు. పెరిప్లస్ అంటారు దాన్ని. అందులో మసాలియా అనే ప్రాంతం వస్తుంది. అది కృష్ణా ముఖద్వారపు నాడు. అక్కడ సన్నని నూలు బట్టలు విస్తారంగా తయారవుతాయని ఆ వర్తకుడు ప్రత్యేకంగా చెప్పాడు. తర్వాతి శతాబ్దంలో టాలెమీ రాసిన భూగోళంలో ఇదే తీరాన కొంటకొస్సిల అనే రేవు కనిపిస్తుంది. అది మన ఘంటసాల అని చరిత్రకారుల మాట. పత్తి పండించే నేల మనది. రెండు వేల ఏళ్ళ కింద రోమ్ ఆడవాళ్ళు కట్టిన పల్చటి బట్టలో మన వైపు చేతుల పని కూడా ఉందంటే నేను గట్టిగా నమ్ముతాను.

ఆ బట్టకూ మిరియాలకూ బదులుగా వాళ్ళ దగ్గర ఇవ్వడానికి సరైన సరుకు లేకపోయింది. ద్రాక్షసారాయి, పగడాలు, గాజు సామాను కొంత వచ్చేవి. మిగతాదంతా బంగారం, వెండి. రోమన్ పండితుడు ప్లినీ దీని మీద బాగా మండిపడ్డాడు. ఏటా 5 కోట్ల సెస్టెర్స్‌లు ఇండియా లాగేసుకుంటోందని లెక్క చెప్పాడు. వంద సెస్టెర్స్‌లు ఒక బంగారు నాణెం, ఔరియస్. అంటే ఏడాదికి 5 లక్షల బంగారు నాణేల విలువ. ప్లినీ ఆవేశంలో లెక్క కాస్త పెంచి ఉండొచ్చుననే చరిత్రకారులు ఉన్నారు. కానీ మన భూమిలో దొరుకుతున్న వాటిని చూస్తే ఆయన బాధ ఉత్తిది కాదని తెలుస్తుంది.

నాగార్జునకొండ తవ్వకాల్లో కూడా రోమన్ బంగారు నాణేలు దొరికాయి. రోమన్ చక్రవర్తి ఆంటోనినస్ పయస్ భార్య ఫౌస్టినా బొమ్మ ఉన్నది వాటిలో ఒకటి. అక్కడి శాసనాల్లో ఇంకో సాక్ష్యం ఉంది. రుద్రధరభట్టారిక అనే మహాదేవి, ఉజ్జయిని రాచబిడ్డ, మహాచైత్యం దగ్గర ఒక స్తంభం నిలపడానికి 170 దీనారి మాషకాలు ఇచ్చినట్టు రాయించింది. లెక్కగట్టడానికి ఆ రాణిగారు వాడింది రోమన్ వెండి నాణెం దెనారియస్ నుంచి వచ్చిన పేరు. మాచర్ల పక్కన, కృష్ణ లోయలో, బౌద్ధ దానపత్రంలో ఆ లెక్క ఉంది. 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం గారి బృందం సాగర్ నీళ్ళు రాకముందే పట్టుదలగా తవ్వకాలు సాగించకపోతే, ఏ నాణెం ఏ మట్టి పొరలో, ఏ విహారం పక్కన ఉందో మనకు తెలిసేది కాదు. ఆ నీళ్ళే ఇవాళ కుడికాలువ మీదుగా మా వైపు పొలాలకు వస్తున్నాయి. ఆ లోయ మునిగిందన్న సంగతి, మునిగే ముందు అక్కడ ఇంత పని జరిగిందన్న సంగతి, మా వైపు పిల్లలకు రెండూ తెలియాలి.

ఇప్పుడు దీనికి పూర్తిగా ఎదురు కథ ఒకటి వినండి. 1780ల్లో నెల్లూరు దగ్గర జరిగింది. ఒక రైతు రాళ్ళ గుట్ట పక్కన దున్నుతుంటే నాగలికి ఇటుక కట్టు తగిలింది. తవ్వి చూస్తే చిన్న గుడి శిథిలం. దాని కింద చిన్న కుండ. కుండలో రోమన్ బంగారు నాణేలు. ఆ రైతు వాటిని పాత బంగారం కింద అమ్మేశాడు. అతన్ని తప్పుపట్టడానికి లేదు, బంగారం బంగారమే కదా అనుకున్నాడు. చాలావరకు కరిగిపోయాయి. నవాబు కొడుకు అమీరుల్ ఉమరాకు కబురు తెలిసి ముప్ఫైకి పైగా దొరకబుచ్చుకున్నాడు. మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ డేవిడ్సన్‌కు వాటిలోంచి రెండు ఏరుకునే అవకాశం వచ్చింది. ఆయన హాడ్రియన్ చక్రవర్తి నాణెం ఒకటి, ఫౌస్టినా నాణెం ఒకటి తీసుకున్నాడు. ఆయన రాసిన ఉత్తరం కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పుస్తకంలో అచ్చయింది. కొన్ని నాణేలు ఇప్పుడే టంకశాల నుంచి వచ్చినంత కొత్తగా ఉన్నాయనీ, కొన్నిటికి మాత్రం చిల్లులు ఉన్నాయనీ, దండకో మెడలోకో ధరించి ఉంటారనీ ఆ ఉత్తరం వల్లే తెలుస్తోంది. కుండలో మొత్తం ఎన్ని ఉన్నాయి? ఏ ఊరి పొలం? ఆ గుడి ఎవరిది? ఈ ప్రశ్నలకు జవాబు కంసాలి కొలిమిలోనే కరిగిపోయింది.

వినుకొండవి 15. నెల్లూరువి అంతకన్నా ఎన్నో ఎక్కువ. అయినా చరిత్రకు వినుకొండ ఎక్కువ చెబుతుంది. ఎందుకంటే ఆ 15 కలిసి ఒకచోట ఉన్నాయని రాసిపెట్టిన వాళ్ళున్నారు. నాణేలు సేకరించే వాళ్ళకు నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. నాణెం విలువలో సగం లోహంలోనూ బొమ్మలోనూ ఉంటుంది, మిగతా సగం అది దొరికిన చోటులో ఉంటుంది. చోటు పోయిన నాణెం అందంగానే ఉంటుంది, కానీ ఎక్కడి నుంచి వచ్చిందో, ఎవరి చేతుల్లో తిరిగిందో చెప్పలేదు.

రోమన్ నాణేలు సేకరించే వాళ్ళు తప్పకుండా కార్తేజ్ నాణేల మీద కూడా మనసు పడతారు. కార్తేజ్ ఆఫ్రికా ఉత్తర తీరంలో, ఇప్పటి టునీసియాలో ఉన్న మహానగరం. వర్తకంతో బతికిన జాతి. చిత్రమేమిటంటే, అంత వ్యాపారం చేసినా వాళ్ళు నాణేలు వేయడం ఆలస్యంగా మొదలుపెట్టారు. క్రీస్తుపూర్వం ఐదో శతాబ్దం చివర సిసిలీలో యుద్ధం చేస్తూ, కూలికి తెచ్చుకున్న సైనికులకు జీతాలివ్వడానికి మొదట నాణేలు వేయించారు. ఒకవైపు తానిత్ దేవత తల, జుట్టులో గోధుమ కంకులు. రెండోవైపు గుర్రం, దాని వెనక ఖర్జూరపు చెట్టు. ఆ గుర్రం నిలుచున్న తీరు, మెడ తిప్పిన తీరు చూస్తే ఒంగోలు గిత్తలను చూసి మురిసిపోయే మన వాళ్ళెవరైనా ఆగి చూడక తప్పదు.

మన ప్రాంతంలో కార్తేజ్ నాణేలు దొరకవు. కారణం కాలమే. క్రీస్తుపూర్వం 146లో రోమన్లు కార్తేజ్‌ను నేలమట్టం చేశారు. రోమన్ల చేతికి ఈజిప్టు వచ్చి, రుతుపవనాల గాలి పట్టుకుని ఓడలు మన వైపు గుంపులుగా రావడం ఆ తర్వాత నూరేళ్ళకు పైగా గడిచాక జరిగింది. అయినా ఆ నగరానికీ మనకూ ఒక బంధం ఉంది. కార్తేజ్ సేనాని హానిబల్ ఇటలీలో దిగి రోమన్లను చావుదెబ్బ కొడుతున్న రోజుల్లో రోమ్ ఖజానా ఖాళీ అయింది, పాత నాణేల పద్ధతి కుప్పకూలింది. దాన్ని కొత్తగా కట్టుకోవాల్సి వచ్చి, క్రీస్తుపూర్వం 211 ప్రాంతంలో దెనారియస్ అనే చిన్న వెండి నాణేన్ని పుట్టించారు. కార్తేజ్‌తో ఆ యుద్ధమే లేకపోతే దెనారియస్ ఆ రూపంలో పుట్టేది కాదు. రెండు వందల ఏళ్ళ తర్వాత ఆ వంశపు నాణేలే మన నల్లగొండ దాకా వచ్చాయి.

నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో 1,531 రోమన్ వెండి నాణేలు ఒకేచోట దొరికాయి. అన్నీ అగస్టస్, తిబేరియస్ కాలానివి. ప్రసిద్ధ నాణేల శాస్త్రవేత్త పరమేశ్వరీలాల్ గుప్త వాటిని పరిశీలించి రాసిన పుస్తకాన్ని 1965లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అచ్చువేసింది. తెలుగు నేల మీద దొరికిన రోమన్ నాణేలను అర్థం చేసుకోవాలంటే ఇప్పటికీ అక్కడే మొదలుపెట్టాలి.

ఇలాంటి నాణెం ఒకటి ఎలా ఉంటుందో చెబుతాను, కళ్ళకు కట్టుకోండి. మన పాత పావలా కన్నా చిన్నది. బరువు నాలుగు గ్రాములకు కాస్త తక్కువ. అంచు సరిగ్గా గుండ్రంగా ఉండదు, చేత్తో సుత్తెదెబ్బ వేసి అచ్చొత్తింది కాబట్టి ఒక పక్క సాగి ఉంటుంది. ముందువైపు తిబేరియస్ తల, కుడివైపుకు తిరిగి, తలకు ఆకుల పట్టీ. పట్టీ ముడి కొసలు మెడ వెనక వేలాడుతుంటాయి. వెనకవైపు కుర్చీలో కూర్చున్న స్త్రీ. ఒక చేతిలో పొడుగాటి దండం, ఇంకో చేతిలో రెమ్మ. ఆమె శాంతిదేవత అనీ, చక్రవర్తి తల్లి లివియాను ఆ రూపంలో చూపారనీ అంటారు. బైబిల్లో సీజరుది సీజరుకివ్వండి అని ఏసు పట్టుకుని చూపించిన పన్ను నాణెం ఈ రకందేనని చాలామంది నమ్మకం. అగస్టస్ నాణెంలో వెనకవైపు ఇద్దరు కుర్రాళ్ళు నిలబడి ఉంటారు. అతని మనవలు గాయస్, లూసియస్. మధ్యలో డాళ్ళు, బల్లేలు. ఈ రెండు రకాలూ అచ్చయింది ఇప్పటి ఫ్రాన్సులోని లియాన్ నగరంలో. అక్కడి నుంచి ఇటలీకి, అలెగ్జాండ్రియాకు, నైలు నది మీద పైకి, ఒంటెల మీద ఎడారి దాటి ఎర్ర సముద్రపు రేవుకు, ఓడలో అరేబియా సముద్రం మీదుగా మన దేశానికి, చివరికి నల్లగొండ పల్లెకు వచ్చిన నాణెం అది.

ఆ తర్వాతి చక్రవర్తుల వెండి మన దగ్గర ఎందుకు అంతగా కనిపించదు? క్రీస్తుశకం 64లో నీరో నాణెం బరువు తగ్గించాడు, వెండిలో కల్తీ పెంచాడు. మన వర్తకులకు గీటురాయి ఉంది, త్రాసు ఉంది, అనుభవం ఉంది. పాత చక్రవర్తుల నాణెమే కావాలని పట్టుబట్టి ఉంటారు. కొత్తది ఇస్తే తీసుకుని ఉండరు. అంత పెద్ద సామ్రాజ్యం వేసిన ముద్రను చూసి మోసపోకుండా లోహాన్నే చూసిన మన వాళ్ళ నేర్పును నేను మెచ్చుకోకుండా ఉండలేను.

అక్కనపల్లి నాణేల్లో చాలావాటి మీద చిన్న చిన్న గుర్తులు కొట్టి ఉన్నాయి. రోమన్లు కొట్టినవి కావు, ఇక్కడి వాళ్ళు కొట్టినవి. ఎవరో షరాబు పరీక్షించి సరేనని వేసిన ముద్ర కావచ్చు. మన నేల మీద ఇక్కడే తయారైన నకళ్ళు కూడా దొరికాయి. వాటి మీద లాటిన్ అక్షరాలు తెలియని చేత్తో చెక్కినట్టు పుల్లలుగానూ సున్నాలుగానూ మారిపోయి ఉంటాయి. కొండాపూర్‌లోనైతే తిబేరియస్ నాణేన్ని అచ్చుగా పెట్టి మట్టితో చేసిన బిళ్ళలు దొరికాయి. బంగారు కాసు కొనలేని వాళ్ళు మట్టి కాసును మెడలో వేసుకుని ముచ్చట తీర్చుకున్నారన్నమాట.

దక్షిణాదిలో దొరికిన చాలా రోమన్ బంగారు నాణేల మీద ఇంకో వింత ఉంటుంది. చక్రవర్తి ముఖం మీదుగా ఉలితో పెట్టిన లోతైన గాటు. 1898లో తమిళనాడు పుదుక్కోట్టై దగ్గర 501 బంగారు నాణేలు దొరికితే వాటిలో నూటికి తొంభైకి పైగా గాటు పడినవే. లోపల రాగో ఇంకేదో ఉందేమోనని పరీక్షించిన గాటని కొందరి అభిప్రాయం. నాకు అది సరిపోయినట్టు లేదు. పరీక్షకే అయితే అంచు మీద ఎక్కడో చిన్న నొక్కు చాలు. ఇక్కడ పనిగట్టుకుని రాజు తల మీదే కొట్టారు. ఇది ఇక నాణెంగా చెల్లదు, బంగారంగానే తూకం వేయాలి అని చెప్పడానికి కొట్టారని నా నమ్మకం. చిల్లుల సంగతి వేరు. రెండు చిల్లులు పక్కపక్కనే, తలకు పైన ఉంటాయి. దారం ఎక్కించి మెడలో వేసుకుంటే రాజు ముఖం నిటారుగా కనిపించాలని జాగ్రత్తగా ఎంచుకున్న చోటు అది. మన కాసులపేరు చేసే కంసాలి ఇప్పటికీ అదే జాగ్రత్త తీసుకుంటాడు.

ఇదంతా విన్నాక నాణేలు పోగుచేయాలని మనసు పుట్టిన కుర్రాళ్ళూ, అమ్మాయిలూ ఉంటే వాళ్ళతో నాలుగు మాటలు. రోమన్ నాణెమంటే లక్షలు పోయాలని భయపడక్కర్లేదు. బంగారం సంగతి వదిలేయండి. కాన్‌స్టంటైన్ చక్రవర్తి కాలపు చిన్న రాగి నాణేలు కోట్లలో అచ్చయ్యాయి, ఇప్పటికీ అందుబాటు ధరలోనే దొరుకుతాయి. నా దగ్గర ఒకటి ఉంది. చిటికెనవేలి గోరుకంటే కాస్త పెద్దది. వెనకవైపు ఇద్దరు సైనికులు బల్లేలు పట్టుకుని నిలబడి ఉంటారు, మధ్యలో సైన్యపు జెండా కర్రలు రెండు. 335 తర్వాత వేసిన వాటిలో అదే బొమ్మకు ఒక్క జెండా కర్రే ఉంటుంది. కాబట్టి కర్రలు లెక్కపెడితే ఏ ఏళ్ళలో అచ్చయిందో దాదాపు చెప్పేయొచ్చు. సైనికుల కాళ్ళ కింద గీత, ఆ గీత కింద రెండు మూడు అక్షరాలు. అవి టంకశాల గుర్తు. జర్మనీలోని ట్రియర్‌లో వేసిందా, సిరియా వైపు అంతియోకలో వేసిందా అన్నది ఆ అక్షరాలే చెబుతాయి. భూతద్దం పెట్టుకుని ఆ అక్షరాలు పోల్చుకున్న సాయంత్రం ఎంత ఆనందంగా ఉంటుందో ఈ అలవాటు ఉన్నవాళ్ళకే తెలుస్తుంది.

నకిలీలు బోలెడు. అచ్చులో పోసి తీసిన నకిలీకి అంచు చుట్టూ సన్నని అతుకు గీత ఉంటుంది, మీద సూదిమొనంత గుంటలు కనిపిస్తాయి. అసలు నాణెం దెబ్బతో అచ్చయింది కాబట్టి లోహం అంచుల వైపు ప్రవహించినట్టు సన్నని చారలు ఉంటాయి. అన్నిటికంటే ముందు తూకం వేయండి. బంగారం కొట్లో ఉండే చిన్న త్రాసు చాలు. అగస్టస్ నాటి ఔరియస్ దాదాపు 8 గ్రాములు, నీరో తర్వాతిది సుమారు 7.3 గ్రాములు. ఆ లెక్కకు బాగా తేడా వస్తే అనుమానించాల్సిందే.

ఇంకోటి. దయచేసి కడగొద్దు. ఇంట్లో పాత రాగి నాణెం కనిపించగానే చింతపండు పెట్టి తోముతారు, నిమ్మకాయ రుద్దుతారు, బూడిద పూస్తారు. తళతళలాడుతుంది నిజమే. కానీ వందల ఏళ్ళుగా పట్టిన ఆ ఆకుపచ్చ, గోధుమ రంగు పొరే నాణేనికి కవచం. అది పోతే అక్షరాలూ పోతాయి, విలువా పోతుంది. అంచులు పట్టుకుని చూడండి. ప్లాస్టిక్ సంచుల్లో కాకుండా కాగితపు పొట్లంలో పెట్టి, ఎక్కడ, ఎప్పుడు, ఎవరి దగ్గర కొన్నారో పొట్లం మీద రాయండి. రసీదు దాచండి. వందేళ్ళు దాటిన నాణెం 1972 నాటి చట్టం ప్రకారం పురావస్తువు. దాన్ని దేశం దాటించకూడదు. అమ్మే వ్యాపారికి లైసెన్సు ఉండాలి. ఎవరో చీకట్లో వచ్చి పొలంలో దొరికిందని చేతిలో పెట్టి ఊరి పేరు చెప్పనంటే, అది ఎంత అందమైన నాణెమైనా కొనకండి. మనం కొంటున్నాం కాబట్టే వాళ్ళు తవ్వుతున్నారు.

తవ్వడం అనగానే చెప్పాలి. గుప్తనిధుల పేరుతో పాత గుళ్ళ గర్భాలయాలూ, దిబ్బలూ పెళ్ళగించే పాడు పని మన పల్నాటిలోనూ ఉంది. నంది విగ్రహాలు పగలగొట్టిన చోట్లు చూస్తే కడుపు మండుతుంది. ఆ తవ్వేవాళ్ళకు దొరికేది చాలాసార్లు ఏమీ ఉండదు. కానీ మట్టి పొరలు కలిసిపోతాయి, పెంకులు చెదిరిపోతాయి, రేపు పరిశోధకుడు వచ్చినా చదవడానికి ఏమీ మిగలదు.

పొలం దున్నుతుంటేనో, బోరు వేస్తుంటేనో, ఇంటి పునాది తీస్తుంటేనో నిజంగా ఏదైనా తగిలితే ఏం చేయాలి? 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఇప్పటికీ ఉంది. పది రూపాయల విలువ దాటిన నిధి ఏదైనా దొరికితే, ఏం దొరికింది, ఎంత, ఎక్కడ, ఏ తేదీన అన్నది కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. సొంతదారు ఎవరూ లేరని తేలితే, వేరే ఒప్పందం లేనప్పుడు దొరికినవారికి నాలుగింట మూడు వంతులు, భూమి యజమానికి ఒక వంతు చెందుతుందని ఆ చట్టంలో ఉంది. ప్రభుత్వం తీసుకోదలిస్తే లోహపు విలువకు మరో ఐదో వంతు కలిపి ఇవ్వాలి. చెప్పకుండా దాచితే వాటా పోతుంది, జైలుశిక్ష కూడా పడవచ్చు. ఈ సంగతి తెలియక, పోలీసులు అంతా లాక్కుపోతారన్న భయంతోనే చాలామంది రాత్రికి రాత్రి కంసాలి దగ్గరకు పరిగెత్తుతున్నారు. నెల్లూరు రైతుకు ఆ రోజుల్లో ఈ చట్టం లేదు. మనకు ఉంది.

దొరికిన వస్తువును కదపకముందే ఫోన్‌తో ఫోటో తీయండి. పక్కన ఉన్న కుండ పెంకులు పారేయకండి, నాణేలతో పాటే ఉంచండి. కుండ పగిలినా సరే, మూత విరిగినా సరే. లోపల ఎన్ని ఉన్నాయో నలుగురి ఎదుట లెక్కపెట్టి, సర్వే నంబరుతో సహా కాగితం మీద రాసి సంతకాలు పెట్టించండి. ఆ కాగితం తహసీల్దారు ఆఫీసు ద్వారా కలెక్టరుకు చేరాలి. మన పల్నాడు జిల్లాకు కలెక్టరు నరసరావుపేటలోనే ఉంటారు కాబట్టి రొంపిచెర్ల వాళ్ళకైనా, సంతగుడిపాడు వాళ్ళకైనా, వినుకొండ వాళ్ళకైనా ఇప్పుడు పెద్ద ప్రయాణం కూడా లేదు. మా చుట్టుపక్కల హైస్కూళ్ళ సోషల్ మాస్టార్లను ఒకటి అడుగుతున్నాను. మీ ఊళ్ళో ఏ చెలకలో పాత ఇటుకలు తేలతాయో, ఏ దిబ్బ మీద వానాకాలం పూసలు కనిపిస్తాయో పెద్దవాళ్ళను అడిగి, పిల్లల చేత ఒక నోటు పుస్తకంలో రాయించండి. పూసలు ఏరుకు రావద్దు. రాసుకుని వస్తే చాలు.